ఎందుకైనా మంచిదని దాచిన డేటా

(రేడియో ప్రసంగ పాఠం)



నేను నార్త్ యార్క్‌లో ఉంటాను. ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. ఈ పూట నన్ను కొత్త టెక్నాలజీల గురించి, వాటివల్ల మన డేటాకీ మన భద్రతకీ ఏమవుతుందన్న దాని గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మనవాళ్ళలో చాలామందికి రెండు ఆలోచనలు వస్తాయి. ఇది కంప్యూటరు వాళ్ళ గొడవ, మనకెందుకులే అన్నది ఒకటి. మన దగ్గర దాచుకోవడానికి ఏముంది గనక, ఎవరో ఎత్తుకుపోవడానికి అన్నది రెండోది. అందుకని పెద్ద పెద్ద పేర్లు పక్కన పెట్టి, మనందరికీ తెలిసిన చోట్ల జరిగిన సంగతులు కొన్ని చెబుతాను. ఒకటి మన షెపర్డ్, డాన్ మిల్స్ మూల మీద ఉన్న ఫెయిర్‌వ్యూ మాలు. ఒకటి తెలంగాణలో పెద్దపల్లి జిల్లా. ఒకటి మన పిల్లల బడి. ఇవి విన్నాక మనకేమిటి సంబంధం అన్న ప్రశ్న ఉండదనుకుంటాను.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళల్లో అందరం అనే మాటే. "ఎందుకైనా మంచిది." ఖాళీ అయిన హార్లిక్స్ సీసా, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, సరుకులు తెచ్చిన సంచులు పారెయ్యబోతే ఎవరో ఒకరు "ఉండనీ, ఎందుకైనా మంచిది" అంటారు. బేస్‌మెంటు నిండుతుంది. అంతకు మించి నష్టం లేదు. సరిగ్గా ఇదే మాట ఆఫీసు మీటింగుల్లో కూడా వినిపిస్తుంది. కొత్త సిస్టమ్ తయారు చేసేటప్పుడు "కస్టమరు పుట్టిన తేదీ మనకి నిజంగా కావాలా?" అని అడిగితే, "ఇప్పుడైతే అక్కర్లేదు, తీసుకుని పెడదాం, ఎప్పుడైనా పనికొస్తుంది" అంటారు. ఒకప్పుడు డిస్కులు ఖరీదు కాబట్టి అక్కర్లేనివి తీసేసేవాళ్ళు. ఇప్పుడు దాచడం చవక. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని కూర్చుని తేల్చడమే ఖరీదు. కాబట్టి ఎవరూ ఏదీ తీసెయ్యరు.

అట్టపెట్టెకీ డేటాకీ ఒక తేడా ఉంది. అట్టపెట్టె ఇరవయ్యేళ్ళు మూల పడున్నా అట్టపెట్టే. డేటా అలా కాదు. అది కదలకుండా ఉన్నచోటే ఉన్నా, దాని చుట్టూ టెక్నాలజీ మారిపోతుంది. అప్పుడు నిన్నటి చెత్త కాగితం ఇవాళ తాళంచెవి అవుతుంది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

మొదట ఫెయిర్‌వ్యూ మాలు సంగతి. మాల్‌లోకి వెళ్ళగానే ఏ షాపు ఎక్కడుందో చూపించే నిలువెత్తు స్క్రీన్లు ఉంటాయి కదా. 2018 జులైలో కాల్గరీలోని చినూక్ సెంటరు అనే మాల్‌లో అలాంటి స్క్రీను ఒకటి చెడిపోయి, మ్యాపుకి బదులు వెనక నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లు చూపించింది. వాటిలో ముఖాలకి సంబంధించిన పేర్లు ఉండడం అటు వెళ్ళినవాళ్ళు ఒకరు గమనించారు. సంగతి బయటికి పొక్కింది. ఫెడరల్ ప్రైవసీ కమిషనరు, ఆల్బర్టా, బ్రిటిష్ కొలంబియా కమిషనర్లు కలిసి విచారణ చేశారు. 2020 అక్టోబరులో నివేదిక ఇచ్చారు. కాడిలాక్ ఫెయిర్‌వ్యూ అనే కంపెనీ దేశం మొత్తం మీద 12 మాల్స్‌లో ఆ స్క్రీన్లలో చిన్న కెమెరాలు పెట్టిందని అందులో తేలింది. ఆ 12లో మన వైపువి టొరొంటో ఈటన్ సెంటరు, షెర్వే గార్డెన్స్, మార్క్‌విల్, ఇంకా మన ఫెయిర్‌వ్యూ మాలు.

కంపెనీ ఇచ్చిన సంజాయిషీ ఏమిటంటే, మేము ఎవరినీ గుర్తు పట్టడం లేదు, వచ్చేవాళ్ళ వయసు ఎంత, ఆడా మగా అన్నది మాత్రమే అంచనా కడుతున్నాం అని. ద్వారాల దగ్గర స్టిక్కర్లు అంటించాం, వాటి మీద మా ప్రైవసీ పాలసీ చూసుకోమని రాశాం అని కూడా చెప్పారు. మాల్‌కి చలికోటు కొనుక్కోవడానికి వెళ్ళేవాళ్ళు తలుపు మీద స్టిక్కరు చదివి, లోపల కౌంటరుకి వెళ్ళి పాలసీ కాగితం అడిగి తీసుకుంటారా? దాన్ని ఒప్పుకోలు అనలేమని కమిషనర్లు తేల్చారు. ఆ కెమెరాలతో మనుషుల్ని ఫలానా అని గుర్తు పట్టిన దాఖలాలు మాత్రం దొరకలేదని కూడా వాళ్ళే రాశారు. ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

అయితే ఇందులో అసలు సంగతి వేరే ఉంది. ఫోటోలు వెంటనే చెరిపేశారు. కానీ ఒక్కొక్క ముఖం నుంచి తీసిన అంకెల వరస మాత్రం ఉండిపోయింది. అలాంటివి 50 లక్షలకు పైగా, వేరే కంపెనీ సర్వరులో పోగు పడి ఉన్నాయి. అవి ఉన్న సంగతే తమకు తెలియదని మాల్ కంపెనీ చెప్పింది. ఆలోచించండి. అవి ఎవరికీ అక్కర్లేదు. ఎవరూ వాడుకోలేదు. ఎవరూ తీసెయ్యలేదు కాబట్టి ఉన్నాయి, అంతే.

ఈ అంకెల వరస అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మనం మనిషిని చూసి గుర్తు పట్టినట్టు కంప్యూటరు పట్టదు. ముఖం ఫోటోని అది అంకెల్లోకి మారుస్తుంది. 2015లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన ఫేస్‌నెట్ అనే పద్ధతిలో ఒక ముఖానికి 128 అంకెలు వస్తాయి. అదే మనిషి ఇంకో రోజు, ఇంకో వెలుతురులో కనిపించినా దాదాపు అదే వరస వస్తుంది. కాబట్టి ఫోటో చెరిపేసినా అంకెలు ఉంటే మనిషి ఆనవాలు ఉన్నట్టే. పాస్‌వర్డు పోతే ఇంకోటి పెట్టుకోవచ్చు. క్రెడిట్ కార్డు పోతే బ్యాంకు వాళ్ళు కొత్తది పంపిస్తారు. ముఖం పోతే కొత్త ముఖం ఎవరు పంపిస్తారు?

ముఖం గురించి ఇంత చెప్పుకున్నాం కదా, ఇంతకంటే మనకి బాగా పాతది వేలిముద్ర. మన చిన్నప్పుడు వేలిముద్ర అంటే చదువురానివాళ్ళ సంతకం. పెన్ను పట్టిన రోజున ఇక వేలిముద్ర బాధ తప్పిందనుకునేవాళ్ళు. ఇప్పుడు పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా ఊరెళ్ళి ఫ్లాటు రిజిస్ట్రేషన్ చేయించుకుంటే వేళ్ళు అద్దాల్సిందే. రిజిస్ట్రేషన్ చట్టంలో 32ఏ అని ఒక సెక్షను ఉంది. దస్తావేజు మీద ఫోటో, వేలిముద్రలు ఉండాలని అది చెబుతుంది. ఉద్దేశం మంచిదే. ఒకరి పేరు మీద ఇంకొకరు వచ్చి అమ్మెయ్యకుండా అది కాపలా. తర్వాత దస్తావేజులు స్కాన్ చేసి కంప్యూటర్లలో పెట్టారు. నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేకుండా వెబ్‌సైటులో దొరికే ఏర్పాటు చేశారు. అదీ మంచిదే.

ఇంతలో ఆధార్ వచ్చింది. సిమ్ కార్డు కావాలంటే వేలు పెడితే చాలు అన్నారు. బ్యాంకు డబ్బు తీసుకోవాలన్నా ఊళ్ళో చిన్న మిషను మీద వేలు పెడితే చాలు అన్నారు. ఇక్కడే కథ మారింది. 2018లో హైదరాబాద్ పోలీసులు పెద్దపల్లి జిల్లాకి చెందిన ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటరుని పట్టుకున్నారు. అతను చేసిన పని ఏమిటంటే, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకోవడం, వాటి మీద ఉన్న వేలిముద్రలకి రబ్బరు స్టాంపులు తయారు చెయ్యడం, ఆ రబ్బరు వేళ్ళని మిషను మీద పెట్టి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చెయ్యడం. ఆధార్ నంబరు కూడా ఆ దస్తావేజుల్లోనే దొరికింది. ఇదంతా ఏ కుట్ర కోసమో కాదు, అమ్మకాల టార్గెట్ పూర్తి చెయ్యడానికి! 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాని పట్టుకున్నారు. వాళ్ళు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని ముద్రలతో ఇలాగే దొంగ వేళ్ళు చేసి, ఈసారి ఏకంగా జనం బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీసుకున్నారు. వేలు పెట్టి డబ్బు తీసే ఆ పద్ధతిలో పిన్ను అక్కర్లేదు, ఫోనుకి ఓటీపీ రాదు.

ఇందులో దస్తావేజు ఏమీ మారలేదు. ఎప్పుడో వేసిన వేలిముద్ర అదే కాగితం మీద అలాగే ఉంది. ముద్ర వేసిన రోజున అది భూమికి కాపలా. తర్వాత అదే ముద్ర ఖాతాకి తాళంచెవి అయింది. చుట్టూ ఉన్న లోకం మారిందని కాగితానికి ఎవరూ చెప్పలేదు. కాగితాన్ని బయట పెట్టినవాళ్ళకి కూడా తట్టలేదు.

మన ఇళ్ళల్లో ఫోటోల విషయంలోనూ ఇదే జరిగింది. పెళ్ళిళ్ళవీ, గృహప్రవేశాలవీ, ఉగాది సంబరాలవీ ఫోటోలు ఎన్నో ఏళ్ళుగా ఇంటర్నెట్టులో పెడుతున్నాం. ఇండియాలో ఉన్న అమ్మమ్మలూ తాతయ్యలూ చూస్తారని పెడతాం. క్లియర్‌వ్యూ ఏఐ అనే అమెరికా కంపెనీ ఇలా జనం పెట్టుకున్న ఫోటోలు 300 కోట్లకు పైగా ఇంటర్నెట్టు నుంచి ఏరుకుని, ఏ ముఖం ఇచ్చినా ఆ మనిషి ఎక్కడెక్కడ కనిపించారో చెప్పే యంత్రం తయారు చేసింది. మన టొరొంటో పోలీసు శాఖలో కొందరు కూడా దాన్ని వాడి చూశారు. పై అధికారులకి తెలిశాక 2020 ఫిబ్రవరిలో ఆపించారు. కెనడా వాళ్ళ ఫోటోలు అలా పోగు చెయ్యడం చట్టవిరుద్ధమని 2021 ఫిబ్రవరిలో ప్రైవసీ కమిషనర్లు ప్రకటించారు. ఆ ఫోటోలు పెట్టిన రోజున ఇలాంటి యంత్రం ఒకటి వస్తుందని పెట్టినవాళ్ళెవరూ అనుకుని ఉండరు.

గొంతు సంగతి కూడా అంతే. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఈ అనే పద్ధతి గురించి రాశారు. ఒక మనిషి గొంతు 3 సెకన్లు వినిపిస్తే చాలు, అదే గొంతుతో ఏ మాటైనా పలికించగలదట. పుట్టినరోజు కేకు కోస్తూ మన పిల్ల మాట్లాడిన వీడియోలో 3 సెకన్లు కాదు, 3 నిమిషాలు ఉంటుంది.

ఇప్పుడు బడి సంగతికి వద్దాం. ఇది మనలో చాలామందికి తగిలిన దెబ్బ. 2024 డిసెంబరు చివర్లో, బడులకి సెలవులిచ్చిన రోజుల్లో, పవర్‌స్కూల్ అనే అమెరికన్ కంపెనీ సిస్టములోకి ఒక దొంగ జొరబడ్డాడు. తలుపులు బద్దలు కొట్టలేదు. దొంగిలించిన లాగిన్ వివరాలతో, సహాయం కోసం పెట్టిన పోర్టల్ గుండా దర్జాగా లోపలికి వెళ్ళాడు. ఉత్తర అమెరికాలో ఎన్నో స్కూలు బోర్డులు విద్యార్థుల వివరాలు ఆ కంపెనీ సిస్టములోనే పెట్టుకున్నాయి. మన టొరొంటో డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డు కూడా అందులో ఒకటి. అమెరికా ప్రభుత్వ న్యాయవాదుల లెక్క ప్రకారం మొత్తం 6 కోట్ల మందికి పైగా విద్యార్థులు, కోటి మంది దాకా ఉపాధ్యాయుల వివరాలు అతని చేతికి చిక్కాయి. తర్వాత పట్టుబడ్డాడు. మసాచుసెట్స్‌లో కాలేజీలో చదువుతున్న 19 ఏళ్ళ కుర్రాడు. 2025 అక్టోబరులో అతనికి 4 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

మన బోర్డు తల్లిదండ్రులకి చెప్పిన దాంట్లో ఒక వివరం ఉంది. 1985 సెప్టెంబరు నుంచి 2024 డిసెంబరు దాకా చదివిన పిల్లల వివరాలు బయటికి పోయి ఉండవచ్చు అన్నారు. పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, కొందరివి హెల్త్ కార్డు నంబర్లు. 1985 అంటే ఎప్పుడు? అప్పటికి ఈ బోర్డే లేదు. నార్త్ యార్క్ వేరే నగరంగా ఉండేది, దాని బడుల బోర్డు వేరే ఉండేది. 1998లో నగరాలూ కలిసిపోయాయి, బోర్డులూ కలిసిపోయాయి. 1985లో ఒకటో క్లాసులో చేరిన పిల్లలకి ఇప్పుడు నలభై దాటాయి. వాళ్ళలో కొందరి పిల్లలు కూడా బడులు దాటి ఉంటారు. మనిషి ఏ సంవత్సరంలో ఏ బడిలో చదివాడో, ఏ మార్కులు వచ్చాయో దాచాలి, కాదనను. సర్టిఫికెట్టు కోసం ఎప్పుడైనా రావచ్చు. కానీ పాత విద్యార్థి ఇంటి ఫోను నంబరు, హెల్త్ కార్డు నంబరు ఇన్నేళ్ళు ఉంచి ఏం చేసుకుంటారు? అవి ఒక్కరోజులో దొంగకి చిక్కడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

ఇంకో సంగతి. దొంగతనం బయటపడ్డాక ఆ కంపెనీ దొంగకి డబ్బు ఇచ్చింది, డేటా చెరిపేస్తాడన్న నమ్మకంతో. 2025 మే నెలలో అదే డేటా చూపించి మళ్ళీ డబ్బు ఇమ్మని మన బోర్డుకే బెదిరింపు వచ్చింది. దొంగ మాట మీద భరోసా ఉంటుందా? డేటా కాపీ అయ్యాక దాన్ని వెనక్కి తీసుకోవడం అనేది లేదు. పాలు ఒలికిపోతే తుడుచుకోవచ్చు గాని, వాసన పట్టిన పిల్లిని ఇంటికి రావద్దనలేం.

"మా డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, దొంగ ఎత్తుకుపోయినా చదవలేడు" అనేవాళ్ళు ఉంటారు. ఎన్‌క్రిప్షన్ అంటే డేటాకి గణితంతో వేసే తాళం. అది ఉండాల్సిందే. కానీ ఆ తాళాల్లో కొన్నింటిని క్వాంటమ్ కంప్యూటర్లు తీసెయ్యగలవన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న మాట. అంత పెద్దవి ఇంకా తయారు కాలేదు. తయారయ్యే దాకా దొంగ ఆగగలడు. తాళం వేసిన పెట్టెని ఇవాళ ఎత్తుకుపోయి అటక మీద పెట్టుకుని, తాళంచెవి పుట్టిన రోజున విప్పుకుంటాడు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త రకం తాళాలకి ప్రమాణాలు విడుదల చేసింది. అవి ముందు ముందు వేసే తాళాలకి పనికొస్తాయి. ఇప్పటికే పోయిన పెట్టెలకి పనికిరావు. అసలు పెట్టెలో లేని వస్తువుని మాత్రం ఏ కంప్యూటరూ దొంగిలించలేదు.

ఇదంతా విని, ఈయన టెక్నాలజీ వద్దంటున్నాడు అనుకోకండి. ఇండియాలో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళు ఏటా నవంబరులో, బతికే ఉన్నామని నిరూపించుకోవడానికి బ్యాంకుల ముందు క్యూలో నిలబడేవాళ్ళు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చి ఆ పని కంప్యూటరు మీద చేసుకోనిచ్చింది. పని చేసి చేసి వేళ్ళు అరిగిపోయినవాళ్ళకి మిషను పలకదు. వాళ్ళ కోసం 2021 నుంచి ఫోనులో ముఖం చూపిస్తే సరిపోయే ఏర్పాటు వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మన అమ్మానాన్నలకి అది ఎంత మేలో చెప్పక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ ఎయిర్‌పోర్టుల్లో 2023 నుంచి డిజియాత్ర ఉంది, దేశం లోపలి ప్రయాణాలకి. ముఖం చూసి లోపలికి పంపిస్తుంది. విమానం వెళ్ళిన 24 గంటల్లో ఎయిర్‌పోర్టు దగ్గరున్న డేటా తీసేస్తామని వాళ్ళ విధానంలో రాసుకున్నారు. మాట నిలబెట్టుకుంటున్నారా అన్నది పైనుంచి ఎవరో తనిఖీ చెయ్యాల్సిన సంగతి. కానీ గడువు అంటూ ఒకటి రాయడమే మంచి పద్ధతి. ఏ పనికి తీసుకున్నారో ఆ పనయ్యాక వదిలెయ్యాలి.

చట్టాలు ఏమంటున్నాయి? ప్రైవసీ ప్రాథమిక హక్కు అని ఇండియాలో సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు, అప్పటికే ఎనభై దాటిన పెద్దాయన. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. విడతలవారీగా అమలు చేస్తామన్నారు. ఇక్కడ కెనడాలో ప్రైవేటు కంపెనీలకి వర్తించే ఫెడరల్ చట్టం 2000 నాటిది. ఫేస్‌బుక్ పుట్టకముందు రాసినది! మాల్స్ నివేదిక వచ్చిన 2020 నాటికి జరిమానా వేసే అధికారం ఫెడరల్ కమిషనరుకి లేదు. చట్టాన్ని మార్చాలని 2022లో పెట్టిన సీ-27 బిల్లు 2025 జనవరిలో పార్లమెంటు ప్రొరోగ్ కావడంతో రద్దయిపోయింది. కాబట్టి చట్టం వచ్చి కాపాడే దాకా చేతులు కట్టుకుని కూర్చోలేం.

మరి మనం ఏం చెయ్యాలి? నేను చెప్పేవి ఖర్చు లేనివి, కష్టం లేనివి.

మొదటిది, ఫారం చేతికి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎందుకు? ఎన్నాళ్ళు ఉంచుతారు? ఎవరి దగ్గర ఉంటుంది? మనవాళ్ళకి ఒక మొహమాటం ఉంది. ఫారంలో గడి ఖాళీగా ఉంటే పరీక్షలో ప్రశ్న వదిలేసినట్టు అనిపిస్తుంది. అన్నీ పొందికగా నింపేస్తాం. తప్పనిసరి కానివి వదిలెయ్యండి. సిన్ నంబరు ఉద్యోగానికీ పన్నులకీ వడ్డీ వచ్చే ఖాతాలకీ కావాలి గాని, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళకి ఇవ్వాలన్న రూలు లేదు. వైద్యానికి తప్ప, గుర్తింపు కోసం హెల్త్ కార్డు నంబరు రాసుకోవడాన్ని అంటారియో చట్టం మామూలుగా ఒప్పుకోదు.

రెండోది, ఇండియాలో ఆధార్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మన అమ్మానాన్నలు, బయోమెట్రిక్ లాక్ వేసుకోవచ్చు. ఆధార్ యాప్‌లో గాని, యూఐడీఏఐ వెబ్‌సైటులో గాని వెయ్యొచ్చు. లాక్ వేస్తే రబ్బరు వేలు కాదు గదా, అసలు వేలు పెట్టినా మిషను పలకదు. రేషనుకో పెన్షనుకో కావలసినప్పుడు తాత్కాలికంగా తీసి మళ్ళీ వేసుకోవాలి. దీనికి ఆధార్‌తో కలిపిన ఫోను నంబరు పని చేస్తూ ఉండాలి. చాలామందికి అక్కడే చిక్కు. ఎప్పుడో ఇచ్చిన పాత నంబరు ఉంటుంది. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మానాన్నల దగ్గర కూర్చుని ఈ ఒక్క పని చేసి రండి. చీరలు, స్వీట్లు కొనే లిస్టులో ఇదీ రాసుకోండి.

మూడోది, ఇంట్లో వాళ్ళందరికీ తెలిసిన గుర్తుమాట ఒకటి పెట్టుకోండి. మనవడి గొంతుతో "తాతయ్యా, యాక్సిడెంటు అయింది, డబ్బు పంపండి, అమ్మకి చెప్పొద్దు" అని ఫోను వస్తే, ముందు ఆ మాట అడగమని పెద్దవాళ్ళకి చెప్పండి. ఆ మాట వాట్సాప్‌లో రాయకండి, నోటితోనే చెప్పుకోండి. మన ఇంట్లో మాత్రమే తెలిసిన ఏ ముద్దుపేరో, ఊళ్ళో పాత గేదె పేరో అయినా చాలు. కంప్యూటరుకి గొంతు వస్తుంది గాని గేదె పేరు రాదు.

నాలుగోది, ఈ-మెయిలుకీ బ్యాంకుకీ రెండంచెల లాగిన్ పెట్టుకోండి. పాస్‌వర్డు దొరికినా రెండో తలుపు ఉంటుంది. పవర్‌స్కూల్ కథలో దొంగ చేతిలో ఉన్నది లాగిన్ వివరాలే అని గుర్తుంచుకోండి.

అయిదోది, మీ గురించి ఒక కంపెనీ దగ్గర ఏముందో రాతపూర్వకంగా అడిగే హక్కు ఇక్కడి చట్టం మీకు ఇచ్చింది. వాళ్ళు మామూలుగా 30 రోజుల్లో జవాబు చెప్పాలి. మానేసిన జిమ్ములు, మారిపోయిన ఫోను కంపెనీలు, ఎప్పుడో ఒకసారి వాడిన యాప్‌లు, ఒక్కొక్కరికీ ఉత్తరం రాయండి. ఇంకా మీకెందుకు, తీసెయ్యండి అనండి. పదిమంది అడిగితే గాని మీటింగులో "ఎందుకైనా మంచిది" అన్నవాళ్ళకి ఇంకోసారి ఆలోచన రాదు.

చివరిది మన గురించి. కంపెనీలనీ ప్రభుత్వాలనీ అనడం తేలిక. మన తెలుగు సంఘాలు ఉన్నాయి. ఉగాదికి, దీపావళికి, పిక్నిక్‌కి పేర్లు రాసుకుంటాం. ఇంటి చిరునామా, ఫోను నంబరు, పిల్లల పేర్లు, వాళ్ళ వయసులు, ఏ బడిలో చదువుతున్నారో కూడా. అదంతా ఒక ఎక్సెల్ ఫైలు. కార్యవర్గం మారితే ఫైలు కొత్తవాళ్ళకి వెళుతుంది, పాతవాళ్ళ లాప్‌టాపుల్లోనూ ఉంటుంది. భోజనాల లెక్క కోసం తీసుకున్న లిస్టు అయిదేళ్ళ తర్వాత కూడా ఎవరి ఈ-మెయిల్లోనో ఉంటుంది. అందులో దురుద్దేశం ఎవరికీ లేదు. మాల్స్‌లో స్క్రీన్లు పెట్టినవాళ్ళకీ, దస్తావేజులు వెబ్‌సైటులో పెట్టినవాళ్ళకీ కూడా దురుద్దేశం లేదు. కాబట్టి ఈ రేడియో వింటున్న సంఘాల పెద్దలకి నా విన్నపం ఒక్కటే. ఈసారి పండగకి పిల్లల పుట్టిన తేదీ అడగకండి, ఎంతమంది పిల్లలో అడిగితే పులిహోర లెక్క సరిపోతుంది. పండగ అయిన వారానికి కార్యవర్గం కూర్చుని ఖర్చుల లెక్క చూసుకుంటారు కదా, అదే రోజున ఆ లిస్టు కూడా అందరి కంప్యూటర్లలోంచి తీసెయ్యండి. తీసేశామని సభ్యులకి ఒక ఈ-మెయిలు పంపండి. మన పిల్లల పేర్లకి మనం ఇవ్వని గౌరవం ఇంకెవరో ఇస్తారని ఎదురు చూడలేం.